ఫామ్‌హౌస్ డిపాజిట్ ఎవరి డబ్బు? ఏదైనా పగిలితే ఎంత కట్టాలి?

మా ఫూఫీ కొడుకు వలీమా అయిన మర్నాడు దగ్గరి చుట్టాలందరూ కలిసి ఒక రాత్రి, ఒక పగలు గడుపుదామని చేవెళ్ల రోడ్డు వైపు ఒక ఫామ్‌హౌస్ తీసుకున్నారు. పెద్దలు, పిల్లలు కలిపి 22 మంది. అద్దె వేరే, డిపాజిట్ 15 వేలు వేరే. మరుసటి రోజు బయల్దేరే టైంకు వాచ్‌మన్ లోపలికెళ్లి చూసొచ్చి ఓనర్‌కు ఫోన్ చేశాడు. హాల్లో టీవీ మూల పగిలింది, రెండు తెల్ల బెడ్‌షీట్లకు మెహెందీ మరకలు అంటాయి. ఓనర్ ఒక్కటే మాట అన్నాడు: "డిపాజిట్ రాదు."

ఇంటికొచ్చాక ఫూఫీ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "పైసలు పోతే పోయినయ్ బేటా. మన పిల్లలు టీవీ పగలగొట్టి అబద్ధం చెప్తున్నారని అన్నాడు కదా, అదే మింగుడు పడట్లేదు" అంది.

ఈ గొడవ చివరికి ఎలా తేలిందో తర్వాత చెప్తాను. ముందు అసలు విషయం చూద్దాం. ఇప్పుడు మన ఇళ్లలో ఈద్ తర్వాత రోజు, నిఖా అయిన వారం, వేసవి సెలవులు వచ్చాయంటే మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లు, లేదంటే అరకు, వైజాగ్, ఊటీ, గోవాలో హోమ్‌స్టేలు తీసుకోవడం మామూలైపోయింది. పర్దా ఉంటుంది, మన వంట మనం చేసుకోవచ్చు, పిల్లలు ఆడుకుంటారు. హోటల్లో పది రూములు తీసుకునేదానికంటే చవక కూడా. కానీ డబ్బు చేతులు మారేటప్పుడు డిపాజిట్ గురించి ఎవ్వరూ సరిగ్గా మాట్లాడుకోరు. గొడవ అంతా అక్కడే మొదలవుతుంది.

డిపాజిట్ అంటే ఏంటి, ఏది కాదు

బుకింగ్ చేసేటప్పుడు మనం ఇచ్చే డబ్బులో మూడు నాలుగు రకాలు ఉంటాయి. వాటిని కలిపేయకూడదు.

అడ్వాన్సు అంటే అద్దెలో కొంత భాగం ముందే ఇవ్వడం. మీరు క్యాన్సిల్ చేస్తే అది ఎంత వెనక్కి వస్తుందో క్యాన్సిలేషన్ రూల్ చెప్తుంది. క్లీనింగ్ చార్జీ అంటే ఇల్లు శుభ్రం చేసినందుకు ఇచ్చే డబ్బు, అది వెనక్కి రాదు. డిపాజిట్ వీటికి వేరు. ఇంట్లో ఏమైనా పాడైతే దాన్ని బాగు చేయించుకోవడానికి ఓనర్ తన దగ్గర కొన్ని రోజులు ఉంచుకునే మీ డబ్బు అది.

బీకామ్‌లో మొదటి సంవత్సరమే ఇది నేర్పిస్తారు. తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్‌ను ఖాతాల్లో ఆదాయం వైపు రాయరు, బాకీ వైపు రాస్తారు. ఓనర్ చేతిలో ఉన్నా అది ఓనర్ సంపాదన కాదు. జీఎస్టీ చట్టం కూడా ఇదే మాట చెప్తుంది. డిపాజిట్‌ను అద్దె కింద సర్దుకునేదాకా దాన్ని సేవకు ఇచ్చిన ధరగా లెక్కించరు. మన ఇళ్లలో వాడే మాటలో చెప్పాలంటే అది అమానత్. "డిపాజిట్ రాదు" అని ఓనర్ అన్నాడంటే "మీ డబ్బులోంచి ఇంత తీసుకుంటున్నాను" అంటున్నట్టే లెక్క. ఎందుకు, ఎంత అని అడిగే హక్కు మీకుంది. చెప్పాల్సిన బాధ్యత ఓనర్‌ది.

బుకింగ్‌కు ముందే నాలుగు మాటలు వాట్సాప్‌లో రాయించుకోండి. డిపాజిట్ ఎంత, దేనికోసం, ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు, ఏయే కారణాలతో కోస్తారు. ఫోన్లో ఒప్పుకుంటే సరిపోదు. ఫోన్ అయ్యాక "భాయ్, మనం మాట్లాడుకున్నది ఇదీ" అని ఒక మెసేజ్ పెట్టి, వాళ్లతో సరే అనిపించుకోండి. ఆ ఒక్క "ఓకే"నే తర్వాత కాగితంలా పనికొస్తుంది.

ఎంత అడగొచ్చు

డిపాజిట్ ఇంతే ఉండాలని సెలవు ఇళ్లకు పట్టిక ఏమీ లేదు. కానీ హద్దు ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(46) అన్యాయమైన ఒప్పందం అంటే ఏంటో చెప్తుంది. అందులో మొదటి అంశమే ఇది: వినియోగదారుడి దగ్గర స్పష్టంగా కనిపించేంత ఎక్కువ సెక్యూరిటీ డిపాజిట్ అడగడం. రెండో అంశం, జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేయడం. రోజు అద్దె 12 వేలు ఉన్న ఇంటికి లక్ష రూపాయల డిపాజిట్ అడిగినా, గాజు గ్లాసు పగిలితే 5 వేలు అని బోర్డు పెట్టినా ఈ రెండు అంశాల కింద ప్రశ్నించవచ్చు.

అలాగని ఓనర్ డిపాజిట్ అడగడమే తప్పు అనుకోవద్దు. స్విమ్మింగ్ పూల్, సోఫాలు, ఏసీలు ఉన్న ఇంటిని ముఖం కూడా తెలియని 25 మందికి అప్పగిస్తున్నాడు. ఆ భయానికి కారణం ఉంది.

ఏది అరుగుదల, ఏది నష్టం

ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. ఒక ఇంటిని పది మంది వాడితే అరుగుతుంది. ఆ అరుగుదల ఖర్చు అద్దెలోనే ఉంటుంది. మనిషి అజాగ్రత్త వల్ల, పిల్లల ఆట వల్ల, ఒప్పందానికి విరుద్ధంగా వాడడం వల్ల పాడైతే అది నష్టం. కొన్ని ఉదాహరణలు చూడండి.

గీజర్ స్విచ్ వేయగానే పనిచేయకపోవడం, పాత ఏసీ నీళ్లు కారడం, ఉప్పు నీళ్లకు నల్లా మీద తెల్లటి పొర, కుర్చీ సీటు రంగు వెలవడం: ఇవి అరుగుదల. మామూలుగా వాడుతుంటే పోయినవి. గెస్ట్ కట్టాల్సిన పని లేదు.

బెడ్‌షీట్ మీద మెహెందీ, తెల్ల సోఫా మీద బిర్యానీ నూనె, గ్రానైట్ మీద బార్బెక్యూ బొగ్గు కాలిన మచ్చ, లాన్ మీద డేగిషా పెట్టి పొయ్యి వెలిగిస్తే మాడిన గడ్డి, పూల్ దగ్గర పగిలిన గాజు సీసా, పోయిన గది తాళం: ఇవి నష్టం. ఎవరు చేశారో తేలితే గెస్టే భరించాలి. చిన్న పిల్లవాడు చేసినా లెక్క మనదే. "పిల్లలే కదా" అనే మాట మనింట్లో చెల్లుతుంది, అద్దె ఇంట్లో చెల్లదు.

మూడో రకం కూడా ఒకటి ఉంది. 15 మంది అని చెప్పి 35 మంది రావడం, సాయంత్రం 5కు ఖాళీ చేయాల్సింది 9కి చేయడం. ఇందులో ఏదీ పగల్లేదు. అదనపు మనిషికి ఇంత, అదనపు గంటకు ఇంత అని ముందే చెప్పి ఉంటే ఓనర్ ఆ లెక్క ప్రకారం కోయవచ్చు. ముందు ఏమీ చెప్పకుండా వెళ్లేటప్పుడు నోటికొచ్చిన అంకె చెప్తే మాత్రం అడగండి. దావత్‌లకు వెళ్లేటప్పుడు మనవైపు ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. లెక్క తక్కువ చెప్పి రేటు తగ్గించుకుంటాం, గేటు దగ్గర కార్లు లెక్కపెడితే దొరికిపోతాం. ఆ తర్వాత ఓనర్ మనం చెప్పే ఏ మాటా నమ్మడు.

పాత టీవీకి కొత్త టీవీ ధరా?

ఒక వస్తువు మన చేతిలోనే పాడైంది అనుకుందాం. ఎంత కట్టాలి? ఓనర్లు సాధారణంగా ఆన్‌లైన్‌లో కొత్త వస్తువు రేటు చూపిస్తారు. అది సరైన లెక్క కాదు. ఓనర్ పోగొట్టుకున్నది పాత వస్తువును.

ఉదాహరణకు 36 వేలు పెట్టి కొన్న టీవీ. ఆరేళ్లు పనిచేస్తుంది అనుకుందాం. సంవత్సరానికి తరుగుదల 6 వేలు. నాలుగేళ్లు వాడేశారంటే 24 వేలు అరిగిపోయింది, మిగిలిన విలువ 12 వేలు. ఇప్పుడు మెకానిక్ 9 వేలకు బాగవుతుందని రాసిస్తే మీరు కట్టాల్సింది 9 వేలు. అసలు బాగవ్వదు అంటే 12 వేలు. రెండింట్లో ఏది తక్కువైతే అది. 36 వేలు మాత్రం కాదు. ఆరేళ్లు అనేది చట్టంలో రాసిన అంకె కాదు, ఇద్దరూ కూర్చుని ఒప్పుకోగల అంచనా. పరుపుకు, బెడ్‌షీట్‌కు, సోఫాకు ఆయుష్షు వేరువేరుగా ఉంటుంది. పద్ధతి మాత్రం అన్నింటికీ ఇదే.

మరక పడితే ముందు ఉతికించే ఖర్చు అడగాలి. ఉతికినా పోకపోతేనే వస్తువు విలువ. ఆరు గ్లాసుల సెట్టులో ఒకటి పగిలితే ఒక గ్లాసు డబ్బు ఇవ్వాలి, సెట్టు మొత్తానికి కాదు. విడిగా దొరకని సెట్ అయితే మాట్లాడుకుని తేల్చుకోవడమే.

చట్టం ఏమంటోంది

ఇలాంటి ఒప్పందాలకు మూలం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. అందులో రెండు సెక్షన్లు గుర్తుపెట్టుకుంటే చాలు.

సెక్షన్ 73 ప్రకారం, ఒప్పందం తప్పడం వల్ల మామూలుగా, నేరుగా వచ్చే నష్టానికే పరిహారం. దూరపు నష్టానికి కాదు. పూల్‌లో గాజు పగిలి నీళ్లన్నీ తీసేయాల్సి వస్తే ఆ ఖర్చు నేరు నష్టం. దానివల్ల మరుసటి రోజు బుకింగ్ క్యాన్సిల్ అయితే, ఆ బుకింగ్ నిజంగా ఉందని చూపిస్తే అది కూడా అడగొచ్చు. "మా ఫామ్‌హౌస్ పేరు పోయింది, వచ్చే నెల బేరాలు తగ్గుతాయి" అంటే కుదరదు. నష్టం తగ్గించుకోవడానికి తాను ఏం చేయగలిగేవాడో కూడా లెక్కలోకి వస్తుంది.

సెక్షన్ 74 ఒప్పందంలో ముందే రాసుకున్న మొత్తం గురించి. "ఏం పగిలినా డిపాజిట్ మొత్తం పోతుంది" అని రాసి సంతకం చేయించుకున్నా, ఓనర్‌కు దక్కేది సముచితమైన పరిహారం మాత్రమే. రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు, అంతే.

దీని మీద 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఉంది, కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసు. 1982లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ వేలంలో ఆ సంస్థ ఒక ప్లాటుకు 3.12 కోట్లు పాడి, నాలుగో వంతు, అంటే 78 లక్షలు కట్టింది. తర్వాత బేరం రద్దు చేసి అథారిటీ ఆ 78 లక్షలు ఉంచేసుకుంది. అదే ప్లాటును తర్వాత 11 కోట్లకు పైగా ధరకు అమ్ముకుంది. నష్టమే రాలేదు కాబట్టి, అసలు తప్పిన పార్టీ కూడా ఇది కాదు కాబట్టి ఆ డబ్బు వెనక్కి ఇవ్వాలని కోర్టు తేల్చింది. నష్టం రుజువు చేయగలిగిన చోట రుజువు చేయాల్సిందే అని చెప్పింది. కోట్ల రూపాయల ప్లాటుకు వర్తించిన ఆ సూత్రమే మీ 15 వేల డిపాజిట్‌కు కూడా వర్తిస్తుంది.

ఇది రెండువైపులా పదునున్న కత్తి. నష్టం 40 వేలు, డిపాజిట్ 10 వేలు అయితే డిపాజిట్‌తో బాధ్యత తీరిపోయిందని గెస్ట్ అనుకోకూడదు. డిపాజిట్ వరకే బాధ్యత అని ఒప్పుకుని ఉంటే తప్ప, రుజువైన మిగతా నష్టం కూడా ఓనర్ అడగవచ్చు.

మొదటి పది నిమిషాలు, చివరి పది నిమిషాలు

చట్టం ఎంత మన వైపున్నా రుజువు లేకపోతే లాభం లేదు. ఆ రుజువు పుట్టేది రెండే సమయాల్లో. లోపలికి అడుగు పెట్టినప్పుడు, బయటికి వచ్చేటప్పుడు.

లగేజీ దించకముందే, పిల్లలు గదుల్లోకి పరిగెత్తకముందే ఒకరు ఫోన్ తీసుకుని గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఆపకుండా వీడియో తీయాలి. హాలు, ప్రతి గది, టీవీ స్క్రీన్ దగ్గరగా, టీవీ ఆన్ చేసి ఒకసారి. పరుపుల మీద షీటు ఎత్తి కింద. బాత్రూం అద్దం, వాష్‌బేసిన్, కమోడ్, గీజర్. వంటగదిలో స్టవ్, ఫ్రిజ్ తలుపు. బయట పూల్ టైల్స్, ఊయల, లాన్. పగులు, మరక, గీత కనిపిస్తే దాన్ని వేలితో చూపిస్తూ ఫోటో తీయండి. వెంటనే వాట్సాప్‌లో ఓనర్‌కు పంపి "మేం వచ్చేటప్పటికే ఇది ఇలా ఉంది" అని రాయండి. అలా పంపితే తేదీ, టైం వాటంతట అవే నమోదవుతాయి. వాచ్‌మన్‌కు నోటితో చెప్తే సరిపోదు. అతను రేపు అక్కడ ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

వెళ్లేటప్పుడు కూడా అదే దారిలో అదే వీడియో. అందరూ కార్లు ఎక్కేశాక ఖాళీ ఇంట్లో తీయండి. వాచ్‌మన్ కూడా మీతో నడవాలి. అన్నీ బాగుంటే "చూశాను, సరిగ్గా ఉంది" అని ఓనర్‌కు అప్పుడే ఫోన్ చేయించండి. తొందరలో ఉన్నాం, తర్వాత చూసుకుందాం అని వచ్చేస్తే సగం డిపాజిట్ అక్కడే వదిలేసి వచ్చినట్టు.

వీడియోలు డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా ఫోన్లోంచి తీసేయొద్దు. గొడవ కోర్టుదాకా వెళ్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఒక సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. అసలు వీడియో ఉన్న ఫోన్ మీ దగ్గరే ఉంటే ఆ పని సులువు.

నిజంగానే మనవల్ల పాడైతే

దాచొద్దు. పగిలిన ప్లేటును చెత్తబుట్టలో అడుగున పెట్టడం, మరక ఉన్న దిండును తిరగేసి పెట్టడం చాలామంది చేస్తారు. దొరికినప్పుడు చిన్న నష్టం కూడా పెద్ద తప్పుగా కనిపిస్తుంది. జరిగిన వెంటనే ఫోటో తీసి ఓనర్‌కు పంపండి. "మా అబ్బాయి బాల్ తగిలి కిటికీ అద్దం పగిలింది, బాగు చేయించడానికి ఎంతవుతుందో చెప్పండి" అని మీరే అడిగితే గొడవ సగం తగ్గుతుంది. కుదిరితే అక్కడున్నప్పుడే దగ్గర్లో మనిషిని పిలిపించి, ఓనర్‌ను అడిగి బాగు చేయించొచ్చు.

మెహెందీ ఫంక్షన్ ఉంటే ఒక చిన్న జాగ్రత్త. ఇంటి నుంచి రెండు పాత దుప్పట్లు, దిండు గలీబులు తీసుకెళ్లండి. చేతులు ఎండేదాకా వాటి మీదే కూర్చోబెట్టండి. పదిహేను వందల బెడ్‌షీట్ కంటే అది నయం.

యాప్‌లో బుక్ చేస్తే

ఎయిర్‌బీఎన్‌బీలో మామూలు హోస్టులు సైటు బయట విడిగా డిపాజిట్ వసూలు చేయకూడదన్నది అక్కడి నియమం. ఏదైనా పాడైతే గెస్ట్ వెళ్లిన 14 రోజుల్లోపు హోస్ట్ ఫోటోలు, బిల్లులతో సైటులోనే డబ్బు అడగాలి. గెస్ట్ ఒప్పుకోకపోతే కంపెనీ మధ్యలోకి వస్తుంది. కాబట్టి చెక్ ఇన్ టైంలో "15 వేలు ఫోన్‌పే చేయండి" అని ఎవరైనా అంటే, ముందు ఆ మాటను యాప్ చాట్‌లోనే రాయమనండి. సైటు నుంచి డబ్బు కట్టమని నోటీసు వస్తే చూసి వదిలేయొద్దు, వెంటనే మీ వీడియోలతో జవాబివ్వండి. బుకింగ్ డాట్ కామ్ లాంటి చోట్ల డ్యామేజ్ డిపాజిట్ ఉంటే అది ఆ ఇంటి పేజీలో హౌస్ రూల్స్ కింద రాసి ఉంటుంది. డబ్బు కట్టకముందే దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి.

కొన్నిచోట్ల కార్డు మీద డబ్బు బ్లాక్ చేస్తారు. అది మన ఖాతాలోంచి వాళ్ల ఖాతాలోకి పోదు, కొన్ని రోజులు మనం వాడకుండా ఆగి ఉంటుంది. క్రెడిట్ కార్డైతే లిమిట్ తగ్గుతుంది. డెబిట్ కార్డైతే మీ సొంత డబ్బే ఆగిపోతుంది, ప్రయాణం మధ్యలో చేతిలో లేకుండా పోవచ్చు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లను చూడ్డానికి వెళ్లి దుబాయ్‌లో హాలిడే హోమ్ తీసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అక్కడ హాలిడే హోమ్‌కు ప్రభుత్వ పర్మిట్ ఉండాలి, ఆ నంబర్ అడిగి తీసుకోండి.

డిపాజిట్ పేరుతో మోసం

ఇంకో ముఖ్యమైన మాట. ఇన్‌స్టాగ్రామ్‌లో అందమైన ఫోటోలు, తక్కువ రేటు, "డిపాజిట్ వేస్తేనే డేట్ బ్లాక్ చేస్తాం" అనే తొందర. వెళ్లి చూస్తే ఆ ఇల్లే వేరేవాళ్లది. పండగ రోజుల్లో తేదీలు దొరకవనే భయంతో చాలామంది చూడకుండానే డబ్బు వేసేస్తారు. లొకేషన్ అడగండి, వీడియో కాల్‌లో ఇల్లు చూపించమనండి. తెలిసినవాళ్లు ఆ ఊళ్లో ఉంటే ఒకసారి వెళ్లి చూడమనండి.

రిఫండ్ మోసం దీనికి ఉల్టా. "మీ డిపాజిట్ వెనక్కి ఇస్తున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి డబ్బు పోతుందని అర్థం. అమ్మీకి, అబ్బాకు కూడా ఈ ఒక్క ముక్క చెప్పి పెట్టండి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు

ఈ వార్త చదివేవాళ్లలో ఓనర్లు కూడా ఉంటారు. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు కష్టపడి, వచ్చిన డబ్బుతో రెండెకరాల్లో ఇల్లు కట్టి అద్దెకిస్తున్నవాళ్లు మనలోనే ఉన్నారు. అలాంటి ఒక చాచా నాతో అన్న మాట: "ఒక్క రాత్రిలో సోఫా కాల్చేసి, పొద్దున పది మంది వచ్చి మీద పడితే నేను ఒక్కడినే ఏం చేసుకోవాలి?" ఆయన బాధ కూడా నిజమే.

వాళ్లు చేయాల్సింది కూడా పెద్దగా లేదు. గదివారీగా సామాన్ల లిస్టు ఒకటి తయారు చేసి, కొన్న తేదీ, ధర, బిల్లు జాగ్రత్త చేయండి. ఒక గెస్ట్ వెళ్లాక ఇంకో గెస్ట్ వచ్చేలోపు కనీసం గంట ఖాళీ పెట్టి, వాచ్‌మన్‌తో ఫోటోలు తీయించండి. వెళ్లిపోయిన వారానికి ఫోన్ చేసి మరక ఉంది అంటే ఎవరూ ఒప్పుకోరు, మధ్యలో ఇంకో రెండు కుటుంబాలు వచ్చి వెళ్లుంటాయి. కోసుకుంటే వస్తువు, కారణం, ఫోటో, బిల్లు, మొత్తం ఇవన్నీ ఒకే మెసేజ్‌లో రాసి మిగతా డబ్బు అదే రోజు వేసేయండి. డిపాజిట్ డబ్బును రోజువారీ ఖర్చులో కలపొద్దు. తిరిగి ఇవ్వాల్సిన రోజు చేతిలో లేకపోవడం వల్లే చాలాచోట్ల సాకులు పుడతాయి.

డబ్బు ఇవ్వకపోతే

ముందు ఒక మెసేజ్. కోపం లేకుండా, వివరాలతో. ఇలా రాయొచ్చు:

"అస్సలాము అలైకుం. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఇంట్లో ఉన్నాం. 15 వేలు డిపాజిట్ యూపీఐ ద్వారా ఇచ్చాం. ఏ వస్తువు పాడైందో, దాని ఫోటో, కొన్న బిల్లు, బాగు చేయించిన బిల్లు పంపండి. మావల్ల జరిగిన నష్టం మేం కడతాం. మిగతా డబ్బు ఏడు రోజుల్లో పంపండి. మేం వచ్చినప్పటి, వెళ్లినప్పటి వీడియోలు దీనితో పంపుతున్నాం."

దీనికి జవాబు లేకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఇల్లు గోవాలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, 2019 చట్టం ఆ వీలు ఇచ్చింది. సేవకు కట్టిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. రెండేళ్లలోపు వేయాలి. ఒప్పందమే అన్యాయమైనదని సవాలు చేయాలంటే మాత్రం అది రాష్ట్ర కమిషన్‌కు వెళ్తుంది. డిపాజిట్ ఇవ్వకపోవడం సేవాలోపం అని అడిగేటప్పుడు జిల్లా కమిషన్ చాలు.

ఐదారు వేల కోసం కేసు వేయాలా అనేది మీ ఇష్టం. చాలాసార్లు ఆ మెసేజ్ దగ్గరే పని అయిపోతుంది.

ఫూఫీ గొడవ ఎలా తేలిందంటే

మేం వెళ్లగానే వీడియో తీయలేదు. ఎవ్వరికీ ఆ ఆలోచనే రాలేదు. కానీ చిన్న పిల్లలు హాల్లోకి వెళ్లిన మొదటి నిమిషంలోనే టీవీ ముందు నిలబడి గంతులేస్తుంటే మా చెల్లెలు ఒక వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. పిల్లల తలల వెనక టీవీ మూలన పగులు స్పష్టంగా కనిపిస్తోంది. టైం మధ్యాహ్నం 12:40. మాకు తాళం ఇచ్చింది పన్నెండున్నరకు.

ఆ వీడియో ఓనర్‌కు పంపాం. ఆయన వాచ్‌మన్‌ను అడిగాడు. అంతకుముందు రోజు వచ్చిన గ్రూపు వెళ్లాక అతను హాలు చూడనేలేదట. ఓనర్ అబద్ధం చెప్పలేదు, తెలుసుకోకుండా నింద వేశాడు. ఫూఫీతో ఫోన్లో మాఫీ అడిగాడు.

మెహెందీ మరకలు మాత్రం మావే. షీట్లు ఒక్కోటి 1,500 పెట్టి కొన్నవి, ఏడాది వాడినవి. మూడేళ్ల ఆయుష్షు లెక్కన ఒక్కోదానికి వెయ్యి మిగిలింది. రెండు వేలు ఆయన ఉంచుకుని 13 వేలు పంపాడు. ఆ రెండు వేలు ఇచ్చేటప్పుడు ఫూఫీ ఒక్క మాట కూడా అనలేదు. "అది మనం కట్టాల్సిందే కదా" అంది.

పోయిన నెల అందరం అరకు వెళ్లాం. తలుపు తీయగానే లోపలికి ఉరకబోయిన పిల్లల్ని గుమ్మం దగ్గరే ఆపింది ఫూఫీనే. "ఆగండి, ముందు వీడియో" అని తన ఫోన్ నా చేతిలో పెట్టింది.